వెయ్యి వాట్ల యాంప్ పెట్టినా బేస్ ఎందుకు గరగరలాడుతుంది?

కారులో కొత్తగా యాంప్లిఫయర్ (సిగ్నల్ బలాన్ని పెంచే యాంప్), సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దాలు పలికే పెద్ద స్పీకరు) పెట్టించుకున్నవారు తరచూ రెండు ఫిర్యాదులతో షాపుకు తిరిగి వెళ్తుంటారు. అట్టపెట్టె మీద అచ్చేసిన వాట్లకూ డిక్కీలోంచి వినిపించే బేస్‌కూ పొంతన లేదన్నది మొదటిది. కొన్ని నెలలకే వూఫర్ కాయిల్ (లోపలి తీగ చుట్ట) మాడిపోయిందన్నది రెండోది. రెంటికీ సాధారణంగా దొరికే జవాబు ఒకటే: యాంప్ చాలలేదు, ఇంకా పెద్దది వేయాలి. అయితే బ్యాటరీ దగ్గర్నుంచి వూఫర్ కోన్ వరకు విద్యుత్తు, సిగ్నల్ నడిచే దారిని వరసగా పరిశీలిస్తే ఈ జవాబు నిలబడే సందర్భాలు తక్కువేనని, లోపం చాలావరకు సర్దుబాటులోనే ఉంటుందని తేలుతుంది.

క్లుప్తంగా

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. సన్నని పవర్ తీగ, తప్పు ఓమ్‌ల (కాయిల్ నిరోధపు) జత, వాహనానికి నప్పని బాక్సు, వాల్యూమ్‌లా తిప్పేసిన గెయిన్ (యాంప్ మీది సిగ్నల్ సర్దుబాటు నాబ్), పైగా బేస్ బూస్ట్ కలిసి అంతకంటే ఎక్కువ నష్టం చేయగలవు. గెయిన్‌నూ, ఫేజ్‌నూ (స్పీకర్ల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు) సర్దడానికి అయ్యే ఖర్చు ఒక సాధారణ మల్టీమీటరు, ఓ గంట సమయం.

అచ్చేసిన వాట్లు, అందే వాట్లు

స్టీరియో మీద కనిపించే '50 వాట్లు × 4' అనే అంకె అబద్ధం కాదు, అలాగని పాట వింటున్నప్పుడు స్పీకరుకు అందే శక్తీ కాదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికే వోల్టేజీ దాదాపు 14.4. స్టీరియో లోపలి చిప్ ఈ వోల్టేజీని పెంచుకోలేదు కాబట్టి, అది పంపే తరంగపు శిఖరం కూడా 14.4 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. అంత శిఖరం ఉన్న నున్నని సైన్ తరంగపు ఆర్‌ఎంఎస్ విలువ (శక్తి లెక్కకు వాడే ఒక రకం సగటు) 10.2 వోల్టులు, 4 ఓమ్‌ల స్పీకరు మీద అది సుమారు 26 వాట్లు. చిప్‌లోనే పోయే నష్టాన్ని తీసేస్తే మిగిలేది 18, 20 వాట్లు. అదే 14.4 వోల్టులను తలా పాదమూ నరికేసినట్టున్న చదును తరంగంగా భావించి లెక్కగడితే 52 వాట్లు వస్తుంది. పెట్టె మీది 50 ఆ లెక్కలోంచి పుట్టినదే.

విడి యాంప్ చేసే పని ఈ గోడను దాటడం. దాని లోపలి స్విచ్చింగ్ పవర్ సప్లై 12 వోల్టులను కొన్ని పదుల వోల్టులకు పెంచి, ఆ ఎత్తులో సిగ్నల్‌ను ఊగనిస్తుంది. యాంప్‌ల శక్తిని ఒకే కొలతతో పోల్చుకోవడానికి అమెరికా కన్జూమర్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణాన్ని తెచ్చింది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడు మీద, వక్రీకరణ 1 శాతం దాటకుండా వచ్చే ఆర్‌ఎంఎస్ వాట్లనే ప్రకటించాలని అందులోని నియమం. ఇది స్వచ్ఛందం మాత్రమే. కాబట్టి మార్కెట్లో 'మ్యాక్స్', 'పీక్', 'పీఎంపీఓ' అనే క్షణకాలపు శిఖర అంకెలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. ఏ అంకె నమ్మదగినదో తేల్చుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది: యాంప్ మీది ఫ్యూజుల విలువలన్నీ కూడి, దాన్ని 13.8తో గుణించి, తక్కువ శక్తిని వేడిగా పోగొట్టే క్లాస్-డీ రకమైతే అందులో ఎనభై శాతం, ఎక్కువ పోగొట్టే క్లాస్-ఏబీ అయితే సగానికి కాస్త పైన తీసుకోవాలి. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉన్న యాంప్ 1,500 వాట్లు ఇస్తుందని రాసి ఉంటే, ఆ రాతను పక్కన పెట్టవచ్చు.

అసలు వాట్లకే అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. శక్తి రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి 'రెండింతలు' అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పదింతల శక్తి కావాలి. 300 వాట్ల యాంప్ తీసేసి 600 వాట్లది పెట్టించినవారికి తేడా ఉన్నట్టూ లేనట్టూ అనిపించడానికి కారణం ఇదే.

కరెంటు ఎక్కడ ఆగిపోతుంది

500 ఆర్‌ఎంఎస్ వాట్లిచ్చే క్లాస్-డీ యాంప్, 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, పూర్తి శక్తి దగ్గర సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ బానెట్ కింద, యాంప్ డిక్కీలో ఉంటాయి కాబట్టి మధ్యలో ఐదు మీటర్ల తీగ వేయకతప్పదు. ఆ తీగ 4 గేజ్ రాగిదైతే, అంటే 21 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్నదైతే, దారిలో పోయేది 0.2 వోల్టు లోపే. అంతకన్నా సన్నని 8 గేజ్ రాగి తీగైతే దాదాపు 0.46 వోల్టు పోతుంది. చవక కిట్లలో ఎక్కువగా కనిపించే, రాగి పూత పూసిన అల్యూమినియం తీగలో ఆ నష్టం 0.7 వోల్టుకు చేరుతుంది. పైకి లావుగా కనిపించినా లోపల లోహం తక్కువగా, ప్లాస్టిక్ తొడుగు ఎక్కువగా ఉండే తీగలూ ఉన్నాయి. గీరి చూసినప్పుడు రాగి రంగు కింద తెల్లని లోహం బయటపడితే అది అల్యూమినియమే.

ఎర్త్ వైపు కూడా ఇంతే కరెంటు నడుస్తుంది. ఈ సంగతిని మరిచిపోయి, పవర్ వైపు మంచి తీగ వేసి, ఎర్త్‌ను మాత్రం రంగు గీకకుండా సీటు బోల్టుకు చుట్టి వదిలేయడం మామూలైపోయింది. ఎర్త్ తీగ పవర్ తీగంత మందంగా, అర మీటరుకు మించకుండా, గీకి మెరిపించిన బాడీ లోహానికి బిగుతుగా పట్టి ఉండాలి. ఇంజన్ వేగంతోపాటు ఎక్కుతూ దిగుతూ వినిపించే సన్నని కూతకు మొదట అనుమానించవలసింది ఈ అతుకునే. స్టీరియో నుంచి యాంప్‌కు సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ తీగలు, పవర్ తీగ కారుకు ఒకే వైపు నుంచి వెళ్లాయా అన్నది ఆ తర్వాత చూడాల్సిన విషయం.

ప్రధాన ఫ్యూజు యాంప్‌ను కాపాడటానికి అనుకోవడం పొరపాటు. అది తీగ కోసం. తీగ ఎక్కడైనా లోహానికి ఒరుసుకుని షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది, తొడుగు అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి, దాని విలువ తీగ మోయగలిగిన కరెంటును దాటకూడదు, లోహపు గోడలోంచి తీగ దూరే చోట రబ్బరు వాషరు తప్పనిసరి. సీఎన్‌జీ వాహనాల్లో గ్యాస్ గొట్టానికి దూరంగా తీగను నడపాలి.

హెడ్‌లైట్లు బేస్ దెబ్బకు మినుకుమంటే 1 ఫ్యారడ్ కెపాసిటర్ అంటగట్టడం మరో అలవాటు. 14.4 నుంచి 12 వోల్టులకు పడేలోగా అది ఇవ్వగలిగిన శక్తి సుమారు 32 జౌల్స్. పైన చెప్పిన యాంప్ పూర్తిగా లాగుతుంటే అది సెకనులో ఇరవయ్యో వంతుకు సరిపోతుంది. ఒక్క దెబ్బ మొదటి అంచును కాస్త ఆదుకుంటుందే తప్ప, సాగే బేస్‌కు పనికిరాదు. ఆ డబ్బుతో ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి బాడీకి ఉన్న తీగలను మందమైనవిగా మార్చడం మేలు. ఇంజన్ ఆపి వింటే పరిస్థితి ఇంకా ఇబ్బందికరం: చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగటున 20 ఆంపియర్ల వాడకంతో గంట తిరక్కుండానే సగానికి పైగా ఖాళీ అవుతుంది.

ఓమ్‌ల జత

రెండేసి 4 ఓమ్‌ల కాయిళ్లున్న వూఫర్‌ను ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌గా కలిపితే 8 ఓమ్‌లు. అలాంటివి రెండు తీసుకుని నాలుగు కాయిళ్లనూ ప్యారలల్ చేస్తే 1 ఓమ్ మాత్రమే మిగులుతుంది. యాంప్ 2 ఓమ్‌ల వరకే తట్టుకునేదైతే ఆ జత ఎక్కువ కరెంటు లాగి, దాన్ని వేడెక్కించి ప్రొటెక్షన్‌లోకి (తనంతట తానే ఆగిపోయే స్థితికి) నెడుతుంది. బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండు చానళ్లను కలిపి ఒకే వూఫర్‌ను నడిపినప్పుడు, ఒక్కో చానల్‌కు లోడులో సగమే కనబడుతుంది కనుక, చానల్‌కు 2 ఓమ్‌లు తట్టుకునే యాంప్‌కు బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌లకు తక్కువ కలపకూడదు. వూఫర్ కొనేముందే యాంప్ ఏదో తేల్చుకోవలసి రావడానికి కారణం ఇదే.

బాక్సు, క్యాబిన్

వూఫర్‌కు ఎంత బాక్సు కావాలన్నది ఊహతో తేలే విషయం కాదు. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ రూపొందించిన కొలతల ఆధారంగా ప్రతి వూఫర్‌కు తగిన ఘనపరిమాణాన్ని లెక్కించవచ్చు. తయారీదారులు డ్రైవర్‌తోపాటు ఇచ్చే కాగితంలో ఆ కొలతలు ఉంటాయి. చాలావరకు 12 అంగుళాల వూఫర్‌లకు సీల్డ్ (పూర్తిగా మూసిన) బాక్సు ఒక ఘనపుటడుగు అటూ ఇటూగా, పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న) బాక్సు దానికి దాదాపు రెట్టింపుగా వస్తుంది.

ఇంటి గదిలో లేని ఒక లక్షణం కారుకు ఉంది. క్యాబిన్ పొడవు రెండున్నర, మూడు మీటర్లకు మించదు. సుమారు 60 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి ధ్వని తరంగపు సగం పొడవు కూడా క్యాబిన్‌లో పట్టదు. అప్పుడు వూఫర్ గాలిలో తరంగాన్ని పంపడం మానేసి, సైకిల్ పంపు మాదిరిగా క్యాబిన్ మొత్తంలో పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ సిద్ధాంతరీత్యా 12 డెసిబెల్స్ వరకు అదనపు బలం చేకూరుతుంది. సీల్డ్ బాక్సు స్వభావం సరిగ్గా దీనికి విలోమం: దాని అనునాద పౌనఃపున్యం కింద శబ్దం అదే వేగంతో పడిపోతుంది. ఒకటి పడుతుంటే మరొకటి లేస్తుంది కాబట్టి, గదిలో పేలవంగా వినిపించే చిన్న సీల్డ్ బాక్సు కారులో లోతుగా, సమంగా మోగుతుంది. అద్దాలు దించితే ఈ బలం చాలావరకు బయటికి పోతుంది.

పోర్టెడ్ బాక్సు తన ట్యూనింగ్ (రంధ్రం మోగేలా ఎంచుకున్న పౌనఃపున్యం) దగ్గర మరింత బిగ్గరగా వినిపిస్తుంది. మూల్యం ఏమిటంటే, ట్యూనింగ్ కన్నా కింది పౌనఃపున్యాల్లో కోన్‌ను పట్టి ఉంచే గాలి ఒత్తిడి లేకుండా పోతుంది. 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన బాక్సులో 22 హెర్ట్జ్ స్వరం వస్తే కోన్ అడ్డూ ఆపూ లేకుండా ఊగి, కాయిల్ కింది పలకకు కొట్టుకుంటుంది. మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను 28, 30 హెర్ట్జ్ దగ్గర పెట్టమనేది అందుకే. సీల్డ్ బాక్సుకు దాని అవసరం అంతగా ఉండదు.

హ్యాచ్‌బ్యాక్‌లలో, ఎస్‌యూవీలలో డిక్కీ, క్యాబిన్ ఒకే గది. సెడాన్‌లో వెనక సీటు, లోహపు పలక అడ్డం ఉంటాయి. అక్కడ బాక్సును డిక్కీ తలుపు వైపు తిప్పి, అటూ ఇటూ జరిపి వింటే మంచి తేడా వస్తుంది. సీఎన్‌జీ సిలిండరు డిక్కీని ఆక్రమించిన కార్లలో సీటు కింద పట్టే 8 అంగుళాల యాక్టివ్ (యాంప్ లోపలే ఉన్న) సబ్‌వూఫర్ ఆచరణలో మెరుగైన రాజీ. దాని నుంచి ఛాతీ అదిరే బేస్‌ను మాత్రం ఆశించకూడదు.

గెయిన్: ఎక్కువ కాయిళ్లు కాలేది ఇక్కడే

యాంప్ మీది గెయిన్ నాబ్‌కు వాల్యూమ్‌తో పోలిక పైపైనదే. స్టీరియో ప్రీ-అవుట్ (యాంప్‌కు సిగ్నల్ పంపే సాకెట్) ఒకదానిలో 2 వోల్టులు, మరొకదానిలో 4 వోల్టులు ఉంటుంది. ఎంత సిగ్నల్ వస్తే యాంప్ తన పూర్తి శక్తికి చేరాలో చెప్పడమే గెయిన్ పని. దాన్ని పూర్తిగా తిప్పితే యాంప్ శక్తి పెరగదు. వాల్యూమ్ పదో గీత దగ్గరే ఆ శక్తి అయిపోతుంది. ఆ పైన ఎంత పెంచినా తరంగపు శిఖరాలు తెగి చదునవుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

ఇలా నరికిన తరంగం వూఫర్‌ను ఎందుకు కాలుస్తుందన్నదానిపై అపోహలున్నాయి. 'చదును భాగంలో నేరుగా డీసీ కరెంటు వెళ్తుంది' అన్న వివరణ తరచూ వినిపిస్తుంది గానీ, అసలు కారణం సగటు శక్తి. ఒకే శిఖరం ఉన్న సైన్ తరంగంతో పోలిస్తే పూర్తి చదును తరంగంలో రెట్టింపు శక్తి ఉంటుంది. అంటే 300 వాట్ల యాంప్ గట్టిగా క్లిప్ అవుతూ 600 వాట్లకు దగ్గరగా వెళ్లగలదు. మామూలు సంగీతంలో శిఖరాల మధ్య విరామాలుంటాయి కాబట్టి కాయిల్ చల్లబడుతుంది. ముందే గట్టిగా కుదించిన రీమిక్స్ ఫైళ్లలో ఆ విరామాలే ఉండవు. రాగి కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది. అదే వోల్టేజీకి అప్పుడు తక్కువ కరెంటు నడుస్తుంది, బేస్ మందగిస్తుంది. పాటలు మొదలైన అరగంటకు 'బేస్ తగ్గింది' అనిపించి వాల్యూమ్ ఇంకాస్త పెంచే చెయ్యి కాయిల్‌ను చివరి దశకు నెడుతున్నదన్నమాట.

సరైన సర్దుబాటుకు లెక్క తేలిక. కావలసిన వాట్లను లోడు ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే, యాంప్ అవుట్‌పుట్ దగ్గర కనిపించాల్సిన ఏసీ వోల్టేజీ వస్తుంది. 2 ఓమ్‌ల మీద 300 వాట్లకు అది 24.5 వోల్టులు, 4 ఓమ్‌ల మీద 75 వాట్లకు 17.3. ముందు వూఫర్ తీగలు విప్పేయాలి. స్టీరియోలో బేస్, ట్రెబుల్, ఈక్వలైజర్ సున్నాకు తేవాలి, యాంప్ మీది బేస్ బూస్ట్ ఆపేయాలి. 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, వాల్యూమ్‌ను గరిష్ఠంలో 75 నుంచి 80 శాతం దగ్గర నిలిపి, మల్టీమీటరు ఆ అంకె చూపేవరకు గెయిన్‌ను కిందినుంచి మెల్లగా పెంచాలి. డోరు స్పీకర్ల యాంప్‌కు ఇదే పని 1,000 హెర్ట్జ్ టోన్‌తో జరుగుతుంది. పూర్తి స్థాయిలో రికార్డు చేసిన టోన్ వాడితే ఫలితం జాగ్రత్త వైపు మొగ్గుతుంది. 5 డెసిబెల్స్ తగ్గించి రికార్డు చేసినదానితో పాట కాస్త బిగ్గరగా వస్తుంది, అప్పుడప్పుడు శిఖరాలు తెగవచ్చు. మల్టీమీటరుకు ఒక పరిమితి ఉంది. అది వోల్టేజీని చెబుతుందే గానీ తరంగం ఆకారాన్ని చూపదు. ఆసిలోస్కోపు ఉన్న షాపులో చేయించుకుంటే క్లిప్పింగ్ మొదలయ్యే చోటు కంటికి కనిపిస్తుంది.

బేస్ బూస్ట్ ఈ శ్రమనంతటినీ వృథా చేయగలదు. 45 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ పెంచడమంటే ఆ స్వరానికి నాలుగింతల శక్తి అడగడం, 12 డెసిబెల్స్ అంటే పదహారింతలు. 300 వాట్ల యాంప్ దగ్గర 4,800 వాట్లు ఉండవు.

ఫిల్టర్లు, ఫేజ్

వూఫర్‌కు లో-పాస్ (కింది స్వరాలనే వదిలే), డోరు స్పీకర్లకు హై-పాస్ (పై స్వరాలనే వదిలే) ఫిల్టర్లు 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టడం మంచి ఆనవాయితీ. హై-పాస్ పెట్టకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువమందికి తెలియదు: ఆరున్నర అంగుళాల డోరు స్పీకరు తనవల్ల కాని బేస్ కోసం ఆయాసపడుతూ, గొంతును కూడా మసకబారుస్తుంది. లో-పాస్‌ను 120 హెర్ట్జ్ దాటిస్తే బేస్ వెనకనుంచి వస్తున్నట్టు చెవి పసిగట్టేస్తుంది.

ఫేజ్ స్విచ్ ఉచితంగా దొరికే సర్దుబాటు, అయినా దాన్ని తాకేవారు అరుదు. డ్రైవరు చెవికి డోరు స్పీకరు 1 మీటరు దూరంలో, డిక్కీ వూఫర్ 2.3 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే తేడా 1.3 మీటర్లు. 80 హెర్ట్జ్ తరంగం పొడవు 4.3 మీటర్లు కనుక ఆ తేడా తరంగంలో దాదాపు మూడో వంతు. ఫిల్టర్లు కూడా తమవంతుగా తరంగాన్ని కొంత జరుపుతాయి. రెండు శబ్దాలు ఒకదాన్నొకటి కొంత చెరిపేసుకుంటే, రెండు స్పీకర్లూ బాగానే మోగుతున్నా డ్రైవరు సీటులో డోలు దెబ్బ బోలుగా వినిపిస్తుంది. డ్రైవరు సీటులో కూర్చుని 80 హెర్ట్జ్ టోన్ వింటూ, మరొకరి చేత స్విచ్‌ను సున్నాకూ 180కీ మార్పించి, ఏది బిగ్గరగా ఉంటే దాన్ని ఉంచడమే పద్ధతి. స్విచ్ లేని యాంప్‌కు వూఫర్ తీగల ప్లస్, మైనస్ తారుమారు చేస్తే సరిపోతుంది. డీఎస్‌పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా సర్దే పరికరం) ఉంటే ముందు స్పీకర్లను 3.8 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి దూరం తేడాను నేరుగా సరిచేయవచ్చు.

కొత్త కార్లలో కొత్త చిక్కులు

కంపెనీ స్క్రీన్‌ను తీసేయడం ఇప్పుడు దాదాపు అసాధ్యం. సీటు బెల్టు హెచ్చరిక, రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందువల్ల యాంప్‌కు స్పీకరు తీగలనుంచే హై-లెవల్ సిగ్నల్ తీసుకోవాల్సి వస్తుంది. చిన్న స్పీకర్లను కాపాడేందుకు చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ను తమంతట తామే తగ్గిస్తాయి. యాంప్‌కు చేరే సిగ్నల్‌లోనే బేస్ లేనప్పుడు దాని వాట్లు నిరుపయోగం. ఈ కోతను సరిచేసే డీఎస్‌పీకి పెట్టే ఖర్చు చాలా సందర్భాల్లో పెద్ద యాంప్‌కు పెట్టే ఖర్చు కన్నా సార్థకం. తీగలు కోయకుండా కప్లర్‌తో (కంపెనీ సాకెట్‌కు సరిపోయే ప్లగ్‌తో) బిగిస్తే వారంటీ వివాదాలు కూడా తగ్గుతాయి.

ఇంధనం ఆదా కోసం వోల్టేజీని అవసరాన్నిబట్టి పెంచి తగ్గించే స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఇంకో చిక్కు. 14.4 బదులు 12.5 వోల్టులే అందితే, రెగ్యులేటెడ్ కాని (లోపలి వోల్టేజీని స్థిరంగా ఉంచుకోలేని) యాంప్ శక్తి నాలుగో వంతు తగ్గుతుంది. శబ్దంలో అది డెసిబెల్‌కు కాస్త ఎక్కువ, చెవికి అంతగా తెలియదు. క్లిప్పింగ్ మాత్రం ముందే మొదలవుతుంది. గెయిన్‌ను ఇంజన్ నడుస్తుండగా సర్దాలనేది ఈ కారణంగానే. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టరు 12 వోల్టుల వ్యవస్థకు కరెంటు ఇస్తుంది. యాంప్‌ను ఆ 12 వోల్టుల వైపే కలపాలి, అధిక వోల్టేజీ మోసే నారింజ రంగు తీగల జోలికి వెళ్లకూడదు.

వేడి, బీమా, చప్పుడు

మే నెల ఎండలో నిలిపిన కారు లోపల ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడినుంచి మొదలుపెట్టే యాంప్ తన రక్షణ హద్దుకు చేరడానికి ఎక్కువసేపు పట్టదు. కార్పెట్ కింద కప్పేయడం, వూఫర్ బాక్సు మీదే బిగించడం రెండూ తగవు. కారుతోపాటు రాని ఎలక్ట్రానిక్ సామగ్రి ఐఎంటీ-24 ఎండార్స్‌మెంట్ (మోటారు పాలసీకి జతచేసే అదనపు నిబంధన) కింద అదనపు ప్రీమియంతో బీమాలోకి వస్తుంది. ప్రకటించని సామగ్రికి క్లెయిమ్ దొరకడం కష్టం.

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఈ కొలత మనిషి చెవి స్పందనను అనుకరించే ఏ-వెయిటింగ్ స్కేలు మీదిది. అందులో 50 హెర్ట్జ్ శబ్దానికి దాదాపు 30 డెసిబెల్స్ తగ్గింపు ఉంటుంది. బేస్‌కు గోడలు దాటే గుణం ఎక్కువ, మీటరులో దాని బరువు తక్కువ. రోడ్డు మీద ఆగిన కారు ఎదురింటి కిటికీ అద్దాలను అదరగొడుతున్నా, మీటరు చూపే అంకె పరిమితికి దగ్గర్లోనే ఉండిపోవచ్చు.